హెచ్చరించినవాడు వెంట నడిచాడు: 1856 మోర్మన్ చేతిబండ్ల ప్రయాణముపై ఒక చారిత్రక పరిశీలన

ప్రస్తావన

సంఘ చరిత్రను చదివేటప్పుడు మనం ఎక్కువగా మన సొంత శాఖల చరిత్రకే పరిమితమవుతాము. మన విశ్వాస ప్రమాణములతో ఏకీభవించని సమూహముల చరిత్రను వారి బోధను ఖండించవలసి వచ్చినప్పుడు మాత్రమే తెరుస్తాము. ఈ వ్యాసంలో మేము వేరొక ప్రయత్నం చేస్తున్నాము. పందొమ్మిదవ శతాబ్దపు తొలి మోర్మన్ వలస కుటుంబాలు పడిన శ్రమను, ఆ శ్రమకు దారితీసిన నిర్ణయాలను చరిత్రగా పరిశీలించి, సంఘ కాపరులకు అందులో ఉన్న హెచ్చరికను వెలికి తీయడమే మా ఉద్దేశము.

త్రిత్వమును గూర్చి, ప్రత్యక్షతను గూర్చి మోర్మన్ బోధకు, చారిత్రక క్రైస్తవ విశ్వాసమునకు మధ్య ఉన్న భేదాలు చదువరులకు తెలిసినవే. ఆ సమూహం 1852లో బహిరంగంగా ప్రకటించి 1890లో విరమించిన బహుభార్యాత్వము కూడా చర్చించదగినదే. అయితే అవి ఈ వ్యాసపు అంశములు కావు. ఆ సంఘము అధికారిక నామము యేసుక్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. 2018 నుండి ఆ సంఘ నాయకులు 'మోర్మన్' అను మాటకు బదులు పూర్తి పేరునే వాడమని కోరుతున్నారు. చరిత్ర రచనలో స్థిరపడిన మాట గనుక, ఏ చిన్నచూపూ లేకుండా, మేము దానిని ఇక్కడ వాడుతున్నాము.

మా ప్రశ్న ఒక్కటే. దేవుని పేరిట ప్రజలను నడిపించువాడు ముందున్న అపాయమును గూర్చి వారితో ఎలా మాట్లాడాలి? ఆ అపాయమును చూపించినవానిని అవిశ్వాసి అనుట న్యాయమా?

1. పడమటి దిశగా వలస

జోసెఫ్ స్మిత్ 1830 ఏప్రిల్ 6న న్యూయార్కు రాష్ట్రంలో ఈ సంఘమును స్థాపించాడు. అతని అనుచరులు ఒహాయో, మిస్సోరి, ఇల్లినాయి రాష్ట్రాలలో ఒకదాని తరువాత ఒకటిగా స్థిరపడి, స్థానికులతో ఘర్షణల వలన ప్రతిచోటా ఇళ్లు విడిచిపెట్టవలసి వచ్చింది. 1844 జూన్ 27న కార్తేజి పట్టణపు చెరసాలలో ఉన్న స్మిత్‌ను అల్లరిమూక కాల్చి చంపింది. 1846 ఫిబ్రవరిలో అతని అనుచరులు నావూ పట్టణమును విడిచి పడమటికి బయలుదేరారు. 1847 జూలైలో బ్రిగం యంగ్ నాయకత్వంలోని మొదటి బృందం సాల్ట్ లేక్ లోయను చేరింది. ఆ బృందంలో 143 మంది పురుషులు, ముగ్గురు స్త్రీలు, ఇద్దరు పిల్లలు ఉన్నారు. యంగ్ లోయలో ప్రవేశించిన జూలై 24 నేటికీ యూటా రాష్ట్రంలో సెలవు దినము.

తరువాతి సంవత్సరాలలో ఇంగ్లాండు, వేల్స్, స్కాట్లాండు, డెన్మార్కు మొదలైన దేశాల నుండి విశ్వాసులు వేల సంఖ్యలో వచ్చారు. వారిలో చాలామంది మిల్లు కూలీలు, గని కార్మికులు, చిన్న చేతిపనులవారు. 'సీయోనుకు కూడివచ్చుట' అనేది వారికి దేవుని ఆజ్ఞ. కుటుంబాలు కుటుంబాలుగా సొంత దేశమును విడిచివచ్చుటకు గల కారణమును ఈ నమ్మకములోనే వెదకాలి. పేదరికం ఒక్కటే దానిని వివరించలేదు. వీరికి అప్పుగా ప్రయాణపు ఖర్చు ఇచ్చుటకు 1849లో ఒక శాశ్వత వలస నిధి కూడా ఏర్పడింది.

2. చేతిబండ్ల పథకము

1855లో యూటాలో కరవు వచ్చింది. మిడతలు పంటను తినివేశాయి. వలస నిధి అడుగంటింది. ఎద్దుల బండ్లు కొనిపెట్టే స్తోమత లేక, వలసదారులు తమ సామాను చేతిబండ్లపై తామే లాగుకొని నడిచి రావలెనని బ్రిగం యంగ్ నిర్ణయించాడు. లివర్‌పూలులో ఉండి ఐరోపా పనిని నడిపిస్తున్న ఫ్రాంక్లిన్ రిచర్డ్స్‌కు ఈ ఆదేశం అందింది.

చేతిబండి అంటే రెండు చక్రాల చెక్కబండి. రెండు నొగల మధ్య ఎద్దు నిలువవలసిన చోట మనిషి నిలిచి లాగాలి. ఒక్కొక్క బండికి సుమారు ఐదుగురు, ఒక్కొక్క గుడారానికి ఇరవై మంది. పెద్దవారికి తలకు 17 పౌనులు, అనగా దాదాపు 8 కిలోల సామాను మాత్రమే అనుమతి. పరుపు, దుస్తులు, వంటపాత్రలు అన్నీ అందులోనే. రైలు మార్గం అయోవా సిటీతో ఆగిపోయేది. అక్కడి నుండి సాల్ట్ లేక్ లోయకు సుమారు 1,300 మైళ్లు కాలినడక.

ఈ పథకం అసాధ్యమైనది కాదని ముందే చెప్పడం న్యాయము. 1856 నుండి 1860 వరకు పది బృందాలలో దాదాపు 3,000 మంది ఈ విధంగా ప్రయాణం చేశారు. 1856లో ముందుగా బయలుదేరిన మొదటి రెండు బృందాలు సెప్టెంబరు 26న, మూడవది అక్టోబరు 2న క్షేమంగా చేరాయి. ఘోరమైన నష్టం జరిగినది జేమ్స్ విల్లీ నడిపిన నాలుగవ బృందమునకు, ఎడ్వర్డ్ మార్టిన్ నడిపిన ఐదవ బృందమునకు మాత్రమే. ఆ రెండూ ఆలస్యంగా బయలుదేరాయి.

విల్లీ బృందంవారు మే 4న 'థార్న్‌టన్' ఓడలోను, మార్టిన్ బృందంవారిలో అధికులు మే 25న 'హొరైజన్' ఓడలోను లివర్‌పూలు విడిచారు. అయోవా సిటీ చేరేసరికి వారికి బండ్లు సిద్ధంగా లేవు. పచ్చికర్రతో హడావుడిగా బండ్లు చేయించి విల్లీ బృందం జూలై 15న, మార్టిన్ బృందం జూలై 28న కదిలాయి. ఎండకు కర్ర ఎండి బిగువు తప్పింది. దుమ్ము చేరి చెక్క ఇరుసులు అరిగిపోయాయి. కందెన లేక, తినవలసిన పందిమాంసపు కొవ్వును, సబ్బును ఇరుసులకు పూసుకున్నారు.

3. ఒక కుటుంబము, ఒక ఉత్తరము

ఈ ప్రయాణంలో ఒక కుటుంబమును ప్రత్యేకంగా గమనించాలి. జేమ్స్ లోడర్ ఇంగ్లాండులో ఒక ధనవంతుని ఎస్టేటులో తోటమాలి. మోర్మన్ అయినందువలన ఆ పని పోయింది. భార్య ఏమీతోను పిల్లలతోను అమెరికా చేరి న్యూయార్కులో ఉన్నప్పుడు, చేతిబండి లాగుతూ వెళ్లవలెనన్న కబురు వచ్చింది. కుటుంబం కలవరపడింది. కుమార్తె పేషెన్స్ తమ అల్లుడు జాన్ జాక్వెస్‌కు ఉత్తరం వ్రాస్తూ, వృద్ధులు, బలహీనులు ఉన్న ఇంటికి ఇది ఎలా సాధ్యమని అడిగింది.

జాక్వెస్ లివర్‌పూలులో సంఘ పత్రిక 'మిలీనియల్ స్టార్' పనిలో ఉండేవాడు. అతడు కఠినమైన గద్దింపుతో జవాబు వ్రాశాడు. ఆ ఉత్తర ప్రత్యుత్తరాలు 1856 జూన్‌లో పత్రికలో అచ్చయ్యాయి. ఇంటి పెద్ద మనసులోని భయం బహిరంగంగా అవిశ్వాసముగా మారిపోయింది. జేమ్స్ లోడర్ బాధపడి, తాను విశ్వాసభ్రష్టుడను కానని నిరూపిస్తానని, దారిలో చనిపోయినా బండి లాగుతానని కుమార్తెతో అన్నట్లు పేషెన్స్ తన జ్ఞాపకాలలో వ్రాసింది. మార్టిన్ బృందంతో బయలుదేరిన ఆయన సెప్టెంబరు 27న నెబ్రాస్కాలోని యాష్ హాలో దగ్గర చనిపోయాడు. అప్పటికి మంచు ఇంకా పడలేదు.

ఉత్తరం వ్రాసిన జాక్వెస్ కూడా భార్యాబిడ్డలతో అదే బృందంలో నడిచాడు. అతని చిన్న కుమార్తె ఫ్లోరా నవంబరు 23న, లోయ చేరడానికి ఒక వారం ముందు, దారిలోనే మరణించింది. తాను సురక్షితంగా ఉండి ఇతరులను పంపినవాడని అతనిపై నింద వేయలేము. అయినను ఆ ఉత్తరము మామగారిపై మోపిన భారమును కూడా మనము మరచిపోరాదు.

4. ఫ్లోరెన్సు సభ

విల్లీ బృందం ఆగస్టు 11న నెబ్రాస్కాలోని ఫ్లోరెన్సు చేరింది. ముందున్న వెయ్యి మైళ్లకు పైబడిన దారిలో ఆగి నిలువదగిన పెద్ద ఊరు లేదు. ఇక్కడే చలికాలం గడిపి వసంతంలో వెళ్లాలా, ఇప్పుడే సాగిపోవాలా అనునది ప్రశ్న. ఆగస్టు 13 సాయంత్రం సభ జరిగింది. వలసదారులలో అత్యధికులకు ఆ దేశపు వాతావరణం తెలియదు. దారి తెలిసిన కొద్దిమంది నాయకులు వెళ్లవచ్చుననే అన్నారు. ఒక్కడు మాత్రం కాదన్నాడు. అతడు లీవై సావేజ్.

ఈ సావేజ్‌కు మన దేశంతోనూ కొంత సంబంధం ఉంది. భార్య మరణించిన కొద్దికాలానికే, 1852లో, పసివాడైన కొడుకును తన సోదరికి అప్పగించి సయాము దేశమునకు మిషనరీగా బయలుదేరాడు. 1853లో కలకత్తాలో దిగాడు. సయాముకు వెళ్లే మార్గము దొరకక బర్మాలో రంగూను, మౌల్మెయిను ప్రాంతాలలో సుమారు రెండేళ్లు పనిచేశాడు. అదే కాలంలో వచ్చిన మోర్మన్ మిషనరీలలో రిచర్డ్ బాలంటైన్ మొదలైనవారు మద్రాసులో పనిచేశారు. ఆనాటి ఆ ప్రయత్నములకు ఫలితం స్వల్పమే. ఆ సంఘము భారతదేశంలో తన మొదటి 'స్టేకు'ను, అనగా పలు స్థానిక సంఘముల కూడికను, హైదరాబాదులో ఏర్పాటు చేసినది 2012లో. సావేజ్ తూర్పు దేశముల నుండి ఇంటికి, కొడుకు దగ్గరికి, తిరిగి వెళ్తూ ఉండగా విల్లీ బృందంలో ఉపనాయకుడుగా నియమింపబడ్డాడు. త్వరగా ఇల్లు చేరవలెనన్న కోరిక అందరికంటే అతనికే ఎక్కువ ఉండవలసినది.

అతడు సభలో కన్నీళ్లతో మాట్లాడాడు. వృద్ధులు, స్త్రీలు, పసిపిల్లలు ఉన్న గుంపు ఇంత ఆలస్యంగా పర్వతాలు దాటలేదని, మంచులో నడవవలసి వస్తుందని, అనేకులు మరణిస్తారని స్పష్టంగా చెప్పాడు. విల్లీ ఆ మాటలను అంగీకరించలేదు. సుమారు వందమంది ఫ్లోరెన్సులో ఆగిపోయారు. మిగిలినవారు వెళ్లుటకే నిశ్చయించారు. అప్పుడు సావేజ్, తాను చెప్పినది నిజమని తనకు తెలుసని, అయినను మీరు వెళ్తున్నారు గనుక మీతో వస్తానని, మీతో పనిచేస్తానని, మీతో శ్రమపడతానని, అవసరమైతే మీతో మరణిస్తానని చెప్పినట్లు అదే బృందంలోని మరొక ఉపనాయకుడు జాన్ చిస్లెట్ వ్రాశాడు. చిస్లెట్ తరువాత ఆ సంఘమును విడిచిపెట్టాడు. సావేజ్ కడవరకు అందులోనే ఉన్నాడు. సావేజ్ హెచ్చరికను చిస్లెట్ కథనము, సావేజ్ సొంత దినచర్య రెండూ తెలుపుతున్నవి. సంఘములో ఉన్నవాడు, బయటికి వెళ్లినవాడు ఏకముగా సాక్ష్యమిచ్చినందున దీనిని నమ్మదగినదిగా మేము ఎంచుతున్నాము.

సెప్టెంబరు మొదటి వారంలో అడవిదున్నల మందల మధ్య బెదరి సుమారు 30 పశువులు తప్పిపోయాయి. బండ్లు లాగే ఎద్దులు కరవై పిండి బస్తాలు మళ్లీ చేతిబండ్లపైకే ఎక్కాయి. సెప్టెంబరు 12న ఫ్రాంక్లిన్ రిచర్డ్స్, తోటి నాయకులు ఐరోపా నుండి తిరిగివస్తూ గుర్రపు బండ్లలో వారిని కలుసుకున్నారు. ఫ్లోరెన్సు సంగతి విని రిచర్డ్స్ అందరి ఎదుట సావేజ్‌ను గద్దించాడు. కుడి ఎడమల తుఫానులు వచ్చినా దేవుడు మీకు దారి తెరచి ఉంచుతాడని వాగ్దానం చేశాడని చిస్లెట్ వ్రాశాడు. మరునాడు ఆ బండ్లు ముందుకు సాగిపోయాయి. నడిచేవారు వెనుక నడిచారు.

5. మంచు

లారమీ కోట దగ్గర దొరుకునని ఆశించిన పిండి దొరకలేదు. రోజుకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల పిండి, ముప్పావు పౌనుకు, తరువాత ఇంకా తక్కువకు తగ్గింది. వెనుక వస్తున్న మార్టిన్ బృందం, బరువు మోయలేక, అక్టోబరు 17న సామానును పెద్దలకు పది పౌనులకు తగ్గించి, మిగిలిన దుప్పట్లను, దుస్తులను తగులబెట్టింది. రెండు రోజులకే, అక్టోబరు 19న, వారు నార్త్ ప్లాట్ నదిని ఆఖరుసారి దాటిన దినమున మంచు తుఫాను వచ్చింది. అదే రోజున, చాలా ముందున్న విల్లీ బృందమును కూడా మంచు ఆపివేసింది. వారి పిండి అయిపోయింది.

నది దాటిన కొద్ది రోజులకే ఒక రాత్రి ఎలిజబెత్ జాక్సన్ అను తల్లి మేల్కొని పక్కనున్న భర్త ఆరన్ శరీరం చల్లబడి ఉండుట చూసింది. సహాయానికి పిలిచినా లాభం లేకపోయింది. తెల్లవారేవరకు ముగ్గురు పిల్లలతో మృతదేహము పక్కనే గడిపింది. నేల గడ్డకట్టినందున ఆ దినములలో మరణించినవారిని లోతుగా పాతిపెట్టుట కూడా సాధ్యం కాలేదు.

విల్లీ బృందంవారు అక్టోబరు 23న రాకీ రిడ్జ్ అను ఎత్తైన రాతిమిట్టను మంచుగాలిలో ఎక్కారు. మరునాడు రాక్ క్రీక్ దగ్గర 13 మందిని ఒకే గుంటలో పెట్టారు. వారిలో డెన్మార్కు నుండి వచ్చిన జెన్స్, ఎల్సీ నీల్సన్ దంపతుల కుమారుడు, వారి వెంట వస్తున్న బాలిక బోడిల్ మార్టెన్సెన్ ఉన్నారు. జెన్స్ పాదాలు గడ్డకట్టి నడవలేకపోయాడు. తన్ను విడిచి వెళ్లమని అతడు చెప్పినా ఎల్సీ ఒప్పుకొనక అతనిని బండిపై కూర్చోబెట్టి తానే లాగిందని ఆ కుటుంబం చెప్పుకుంటుంది.

పేషెన్స్ లోడర్ జ్ఞాపకాలలో మరొక సంఘటన ఉంది. చలికి కుమార్తెలు లేవలేక పడి ఉన్నప్పుడు, కొద్ది వారాల క్రితమే విధవరాలైన తల్లి ఏమీ లేచి వారి ఎదుట నాట్యమాడింది. పడిపోయినట్లు నటించింది. అమ్మకు దెబ్బ తగిలిందేమోనని కుమార్తెలు గబాలున లేచారు. ఆమెకు కావలసినది అదే.

6. ప్రార్థన, బంగాళదుంపలు

రిచర్డ్స్ అక్టోబరు 4న సాల్ట్ లేక్ చేరి, ఇంకా రెండు బృందాలు దారిలో ఉన్నాయని తెలియజేశాడు. ఈ సంవత్సరం ఇంక ఎవరూ రారని అనుకున్న బ్రిగం యంగ్ మరునాడే ఆదివార కూడికలో మరి ఏ ఉపదేశమూ చేయక కంచరగాడిదలు, బండ్లు, పిండి, బండ్లు తోలేవారు కావాలని అడిగాడు. ఈ మనుష్యులను తీసుకొనిరానిదే మీ మతము మిమ్మును రక్షింపదని చెప్పాడు. అక్టోబరు 7న మొదటి సహాయక బృందం కదిలింది. నెలాఖరుకు సుమారు 250 బండ్లు దారిలో ఉన్నాయి.

విల్లీ బృందంలో మిగిలినవారు నవంబరు 9న, మార్టిన్ బృందంలో మిగిలినవారు నవంబరు 30న లోయ చేరారు. ఆ నవంబరు 30 కూడా ఆదివారమే. యంగ్ మధ్యాహ్నపు ఆరాధనను రద్దు చేసి, ఇంటికి వెళ్లి వచ్చేవారిని చేర్చుకొని సేవ చేయమని స్త్రీలకు చెప్పాడు. ప్రార్థన మంచిదేగాని, ఆకలిగొన్నవానికి ఉడికిన బంగాళదుంపలు, పాలు అవసరమైనచోట ప్రార్థన వాటికి బదులు కాదని ఆయన మాటల సారాంశము. యాకోబు పత్రిక రెండవ అధ్యాయమును బోధించే మనకు ఇది కొత్త సంగతి కాదు.

అయినను చరిత్రకారుడు ఇక్కడితో ఆగిపోకూడదు. రెండు బృందాలలోని దాదాపు వెయ్యిమందిలో 200 మందికి పైగా చనిపోయారు. నవంబరు 2న చేసిన ప్రసంగంలో యంగ్, ఆలస్యపు ప్రయాణాన్ని ఆపనందుకు రిచర్డ్స్‌ను, మరొక నాయకుని తప్పుపట్టాడు గాని, పథకమును మాత్రం సమర్థించుకున్నాడు. రక్షించుటలో చూపిన వేగము, పొరపాటును పూర్తిగా ఒప్పుకొనుటలో కనబడలేదు.

7. బ్రతికినవారు, జ్ఞాపకము

మార్టిన్ బృందంలోని నెల్లీ పూసెల్‌కు అప్పటికి ఇంకా పదేళ్లు నిండలేదు. తల్లిదండ్రులు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. లోయ చేరిన తరువాత ఆమె గడ్డకట్టిన కాళ్లను మోకాళ్ల కింద కోసివేశారు. మత్తుమందు లేదు. ఆమె సీడార్ సిటీలో కాపురం చేసి ఆరుగురు పిల్లలను పెంచి, 1915 వరకు జీవించింది. సావేజ్ 1858లో విల్లీ బృందంలోని ఒక విధవరాలిని వివాహం చేసుకున్నాడు. 1910లో చనిపోయాడు.

నేడు మోర్మన్ యువజనులు చేతిబండ్లు లాగుతూ ఆ ప్రయాణమును జ్ఞాపకం చేసుకుంటారు. అయితే జ్ఞాపకము మెల్లగా కథగా మారుతుంది. స్వీట్‌వాటర్ నదిని దాటించుటలో ముగ్గురు యువకులే దాదాపు అందరినీ మోశారని, ఆ చలివలన ముగ్గురూ చనిపోయారని తరతరాలుగా ప్రసంగాలలో చెప్పారు. ఆ సంఘమునకు చెందిన చరిత్రకారులే 2006లో మూలాధారాలను పరిశీలించి, మోసినవారు మరికొందరు ఉన్నారని, ఆ ముగ్గురు ఇంకా చాలా సంవత్సరాలు బ్రతికారని చూపించారు. సత్యము ఆ యువకుల సేవను తగ్గించలేదు. ప్రసంగంలో దృష్టాంతములు వాడే మనము ఈ సంగతిని గమనించాలి.

8. కాపరులకు

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమును ఈ చరిత్ర పక్కన ఉంచి చదవమని మేము కోరుతున్నాము. ఉపవాస దినము గడచిపోయింది, కాలము మించిపోయింది. పౌలు హెచ్చరించాడు. శతాధిపతి పౌలుకంటె నావికుని, ఓడ యజమానుని నమ్మాడు. పౌలు మాటను విశ్వాసపు కొరతగా ఏ చదువరీ ఎంచడు. కాలమును, సముద్రమును ఎరిగి మాట్లాడుట విశ్వాసమునకు విరోధము కాదు. తరువాత అదే ఓడలో పౌలు వారిని ధైర్యపరచి, రొట్టె విరిచి, తినమని బతిమాలాడు. ఒక భేదం ఉంది. పౌలుకు దేవుని దూత మాట అందిన తరువాతనే ప్రాణహాని లేదని చెప్పాడు. అందని మాటను అందినట్లు చెప్పలేదు. రిచర్డ్స్ వాగ్దానములో లోపము అక్కడే ఉంది.

మన సంఘములలో ఇటువంటి సమయములు రావా? వైద్యము మాని ప్రార్థనే చేయమని రోగికి చెప్పునప్పుడు, శక్తికి మించిన అప్పుతో మందిరము తలపెట్టి ప్రభువే తీర్చునని ప్రకటించునప్పుడు, లెక్క అడిగిన పెద్దను సణుగువాడని అన్నప్పుడు, మనము ఫ్లోరెన్సు సభలోనే కూర్చొని ఉన్నాము. ఆ నిర్ణయములకు వెల చెల్లించేది ప్రసంగించినవాడు కాడు. ఒక తోటమాలి, ఒక విధవరాలు, పదేళ్లు నిండని ఒక ఆడపిల్ల చెల్లిస్తారు.

సావేజ్ నుండి నేర్చుకొనవలసినవి రెండు. తన మాట చెల్లదని తెలిసినా సభలో నిజం చెప్పాడు. తన మాట చెల్లనప్పుడు ప్రజలను విడిచిపెట్టలేదు. మొదటిది మాత్రమే చేసినవాడు విమర్శకుడుగా మిగిలిపోతాడు. రెండవది మాత్రమే చేసినవాడు తెలిసి కూడా మౌనముగా అపాయములోనికి నడిపించినవాడవుతాడు. రెండూ చేయువాడే కాపరి. అటువంటివాడు మన సంఘపు పెద్దల కూటములో లేచి మాట్లాడినప్పుడు, అతని విశ్వాసమును శంకించుటకు ముందు అతడు చెప్పిన మాటను పరీక్షించెదము గాక.